ఏనుగు కడుపులో గోపయ్య

గోపయ్య ఏదైనా చెబితే అందులో ముప్పావు వంతు తీసేసి వినాలని అల్మాస్‌గూడలో పాలపాకెట్లు వేసే మనిషికి కూడా తెలుసు. మూసీ పొంగిన ఏడు మూసారాంబాగ్ వంతెన దగ్గర దూకి, నాగోలు దాకా ఈదుకుంటూ పోయి, దారిలో కొట్టుకుపోతున్న బర్రెను తోక పట్టి ఒడ్డుకు చేర్చానంటాడు. మరుసటి ఏటికి ఆ బర్రె వెంట ఒక దూడ చేరింది. ఆపై ఏటికి బర్రె మీద ఒక ముసలమ్మ కూర్చుంది. ఇప్పుడు ముసలమ్మ చేతిలో పాలచెంబు కూడా ఉంది. అందులోంచి ఒక్క చుక్క ఒలకలేదట.

ఇన్ని కథల మధ్య ఒక్క మాట మాత్రం ఒట్టేసి చెబుతాడు. ఎల్బీనగర్ వెనకాల కాలనీ పార్కులో ఉన్న సిమెంటు ఏనుగును చేసింది తానేనని.

నల్గొండ పల్లె నుంచి పెళ్లాం పెంటమ్మను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు గోపయ్య గోడలు కట్టే మేస్త్రీ. కొన్నాళ్లకు పార్కుల పనులు పట్టే కాంట్రాక్టరు ఒకాయన ఇతని పనితనం చూసి, జంతువులు చేస్తావా అని అడిగాడు. ఏ జంతువు కావాలన్నా చేస్తానన్నాడు గోపయ్య. అప్పటికి అతను దగ్గరగా చూసిన జంతువులు మేకలూ ఎడ్లూ. అయినా చేశాడు. ఇనుప సలాకలు వంచి, వాటి మీద కోళ్ల గూళ్లకు కట్టే తీగెల జాలి చుట్టి, దాని మీద ఇసుకా సిమెంటూ కలిపిన మాలు ఎక్కించి, చెత్త వేయడానికి నోరు తెరిచిన కుందేళ్లు, కూర్చోవడానికి చెట్టు మొద్దులు, నీడకు పుట్టగొడుగు గొడుగులు. ఇరవై ఏళ్లలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇటు కర్మన్‌ఘాట్ దాకా ఎన్ని పార్కుల్లో ఎన్ని బొమ్మలు నిలబెట్టాడో అతనికే లెక్క లేదు. ఒక్కదాని మీదా పేరు లేదు. కాంట్రాక్టర్లు పేర్లు రాయనివ్వరు.

ఇప్పుడు అరవై మూడేళ్లు. షుగరు వచ్చి మనిషి సగమయ్యాడు. ఒకప్పుడు తలుపులో నిలబడితే వెలుతురు ఆగేది. ఇప్పుడు చొక్కా వేలాడుతుంది. మోకాళ్లు అరిగాయి, కుడి భుజం పట్టేసింది, తాపీ పట్టడం మానేశాడు. కొడుకు మహేష్ డీసీఎం వ్యాను నడుపుతూ నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. కిరాయికి ఉంటున్నది రెండో అంతస్తులో ఒక్క గది. దానికి ఒక్క కిటికీ. తెరిస్తే పక్కింటి గోడ, చెయ్యి చాపితే తగులుతుంది. ఆకాశం కావాలంటే కిటికీలోంచి తల బయటపెట్టి మెడ విరుచుకోవాలి. పొద్దున లేచింది మొదలు ఆ గోడే కనిపిస్తుంది కాబట్టి దాని గిలాబు పూత బాగోలేదని గోపయ్య రోజూ తిట్టేవాడు. ఏ మేస్త్రీ చేశాడో గాని మాలు సరిగ్గా కలపలేదని పెంటమ్మకు చూపించేవాడు. పెంటమ్మ చూసేది కాదు. ఆమెకు పని ఉండేది. సాయంత్రమైతే ఎల్బీనగర్ సందు మొదట్లో బండి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. మధ్యాహ్నంలోగా పిండి గిర్నీకి పోయి జొన్నలు పట్టించుకు రావాలి.

గది మీద పడి నొక్కేస్తున్నట్టు ఉండబట్టే గోపయ్య పార్కులు తిరగడం మొదలుపెట్టాడు. పొద్దున్నే బయల్దేరి తన జంతువులన్నిటినీ పలకరించి వచ్చేవాడు. ఒక చోట కుందేలు చెవి విరిగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో పుట్టగొడుగు గొడుగుకు ఏదో కోచింగు సెంటరు వాళ్లు ర్యాంకుల ఫోటోలు అంటించారు. చైతన్యపురి వైపు పిల్లలు ఈత కొట్టే తొట్టి ఒడ్డున నోట్లోంచి నీళ్లు చిమ్మే చేపను చేశాడు. తొట్టి ఎండి ఎనిమిదేళ్లయింది, చేప మాత్రం నోరు తెరుచుకుని ఇంకా ఎదురు చూస్తోంది. అల్మాస్‌గూడ అంచున రాళ్లు కొట్టిన గుంట ఉండేది. పని దిగిన మేస్త్రీలంతా ఒంటి మీది సిమెంటు వదిలించుకోవడానికి అందులో దూకేవాళ్లు. దాన్ని పూడ్చి ఐదంతస్తులు లేపారు. మూడో అంతస్తు బాల్కనీలో ఎవరో గాజుపెట్టెలో రంగుచేపలను పెంచుతున్నారు. ఆ గుంటలో మిగిలిన నీళ్లు అవేనని గోపయ్య అంటాడు.

ఎక్కడికి పోయినా పది కొడితే కాపలావాడు విజిలేసి బయటికి పంపి గేటుకు తాళం వేస్తాడు. మళ్లీ నాలుగింటికే తెరుస్తారు. అంతసేపూ గదీ, గోడా.

తన్మయి అతనికి తగిలింది ఏనుగు పార్కులోనే. ఆ కాలనీ సంఘం అధ్యక్షుడు వెంకటేశ్వరరావు కూతురు. వాళ్లది గుంటూరు వైపు. భవనాల డిజైను చదువుతోంది. ఈ చుట్టుపక్కల ఆరుబయట ఉన్న బొమ్మలకు ఫోటోలు తీసి, ఎవరు చేశారో రాసి పెడుతోంది. ఏనుగుకు కొత్త రంగు వేసినప్పుడు పక్కన నల్లరాతి పలక పెట్టించి, చేసినవాళ్ల పేరు చెక్కించడానికి తండ్రిని ఒప్పించింది కూడా. చిక్కల్లా ఒకటే. ఆ ఏనుగును చేశామంటూ అప్పటికే ముగ్గురు వచ్చి పోయారు. అందులో ఒకాయన తొండం ఎటు తిరిగి ఉందో కూడా చెప్పలేకపోయాడు.

“మీది నాలుగో పేరండీ. ఏదైనా ఆధారం ఉంటే చెప్పండి,” అంది తన్మయి.

గోపయ్య ఏనుగు చుట్టూ ఒకసారి తిరిగి, పొట్ట కింద రేకు కట్టిన చోటు చూపించాడు. లోపలి వైపు కూడా మాలు పట్టించాలి కాబట్టి మనిషి దూరేంత బొర్ర వదిలామని, పని అయ్యాక దానికి రేకు కట్టామని చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

“కడుపులకు దూరి నా ఏలుతోని నా పేరు రాసిన బిడ్డా. ఒట్టి పేరు గాదు, ఊరి పేరుతోని సహా.”

పేరు రాయమన్న మాట నిజం. కడుపులోకి దూరింది మాత్రం అతను కాదు.

ఆ రోజుల్లో గోపయ్య భుజాలకు ఆ బొర్ర చాలలేదు. ఇంకా పెద్దది పెడితే పొట్ట కూలుతుంది. అందుకని బక్కగా ఉన్న పెంటమ్మను పంపాడు. బయట తాపీ పట్టి తొండమూ చెవులూ కళ్లూ తీర్చింది అతను. లోపల మాలు పట్టించింది ఆమె. ఇరవై రోజులు. ఆఖరి రోజున గోపయ్య సిమెంటు బస్తా కాగితం చింపి, దాని మీద బొగ్గుతో తన పేరూ ఊరి పేరూ రాసి ఇచ్చి, లోపల ఎక్కడైనా చూసి అచ్చం ఇట్లాగే గీయమన్నాడు. పెంటమ్మకు అక్షరాలు రావు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు వేస్తుందిలే అనుకున్నాడు. సాయంత్రం ఆమె బయటికి వచ్చాక రాశావా అని అడిగితే తల ఊపింది.

ఆ తర్వాత ముప్పై రెండేళ్లు గోపయ్య ఈ కథ చెప్పాడు. మొదట్లో కథలో పెంటమ్మ లోపల ఉండేది. కొన్నేళ్లకు బయటికి వచ్చి మాలు తట్టలు అందించింది. ఇంకొన్నేళ్లకు అసలు కనిపించకుండా పోయింది. రొట్టెల బండి దగ్గర గోపయ్య ఎవరికైనా ఏనుగు సంగతి చెబుతుంటే పెంటమ్మ వింటూనే ఉండేది. పిండి మీద చెయ్యి కాస్త గట్టిగా పడేది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆ పేరు చూడడానికి తన్మయి వచ్చింది. కాపలా జానయ్య పార్కు ఆ చివర పైపుతో గడ్డి తడుపుతున్నాడు. గోపయ్య రేకుకు తాను కట్టిన తీగెను తానే విప్పాడు. తన్మయి తానే దూరతానంది. అతను ఒప్పుకోలేదు. లోపల తేళ్లుంటాయన్నాడు, గబ్బిలాలన్నాడు, ఒకప్పుడు ఒక కొండచిలువ కూడా పిల్లలు పెట్టిందన్నాడు. తన పేరును తానే ముందు చూసుకోవాలని అతని ఆశ. జేబులో ఒక మేకు కూడా ఉంది, సాలెగూళ్లు గోకడానికని తెచ్చాడు. ఏనుగు పొట్ట కింద కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా లేచాడు. చిక్కిపోయిన ఒళ్లు ఎట్లాగో లోపలికి పోయింది. పట్టేసిన భుజం మాత్రం కలుక్కుమంది.

లోపల కూర్చునేంత చోటుంది. ఫోను లైటు వేశాడు.

పేరు లేదు.

తల వైపు చూశాడు. తోక వైపు చూశాడు. కాళ్ల బోలులోకి వంగి చూశాడు. ఎటు తిప్పినా చేతులు. అయిదేసి వేళ్లు విప్పిన చిన్న చిన్న అరచేతుల అచ్చులు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీదికి ఇంకొకటి జరిగి, వీపు దాకా, గొంతు దాకా. ఇంత ఇరుకులో తాపీ ఆడదు. పెంటమ్మ మాలును ముద్దలు చేసి, ఊళ్లో గోడకు పిడకలు కొట్టినట్టు కొట్టుకుంటూ పోయింది. అక్కడక్కడా అచ్చుకు కింద సన్నటి వంపు గీతలున్నాయి. గాజులు తగిలిన గుర్తులు. తన ఏనుగు ముప్పై రెండేళ్లలో ఒక్క బీట కూడా ఇవ్వలేదని గోపయ్య ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాడు. లోపలి నుంచి దాన్ని పట్టుకుని ఉన్నవి ఈ చేతులు.

“తాతగారూ, పేరు కనపడిందా అండీ?” కింద నుంచి తన్మయి అడిగింది.

“ఎతుకుతున్న బిడ్డా. జర ఆగు.”

మేకు తీశాడు. అతనికి ఇంకో దారి తోచలేదు. నాలుగో మనిషిగా వచ్చి, నాలుగో అబద్ధాలకోరుగా గేటు దాటి పోవాలంటే ప్రాణం ఒప్పలేదు. పేరు గీకితే ఎంతసేపు పడుతుంది, పైన కాస్త దుమ్ము రుద్దితే పాతదైపోతుంది. గీకడానికి ఖాళీ చోటు కోసం చూశాడు. లేదు. ఎక్కడ మేకు ఆనించినా ఒక అరచెయ్యి కిందికి వస్తోంది. కళ్లు మూసుకుని ఒక గీత గీశాడు. తెల్లగా పడింది, ఒక అరచేతికి అడ్డంగా, చూపుడువేలి మొదలు నుంచి మణికట్టు దాకా.

ఆ ఏడు సిమెంటు తినేసి పెంటమ్మ అరచేతులు ఎర్రగా పచ్చి పుండ్లయిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. కొబ్బరినూనె రాసుకుని గుడ్డలు చుట్టుకునేది. నెల రోజులు రొట్టె చేయలేకపోయింది. ఇంట్లో రొట్టె లేదని అలిగి తాను తోటి మేస్త్రీ ఇంట్లో తిన్నాడు.

మేకు జేబులో వేసుకున్నాడు. బయటికి పోదామనుకున్నాడు.

కాళ్లు కిందికి వదిలాడు. నడుము దిగింది. పొట్ట దిగింది. చంకల దగ్గర ఆగిపోయింది. చేతులు పైకెత్తితేనే దిగుతుంది, ఎత్తబోతే కుడి భుజం ససేమిరా అంది. మళ్లీ పైకి పోదామంటే మోకాళ్లలో బలం లేదు. పార్కులో ఏటేటా మట్టి పోయడం వల్ల ఏనుగు కింద నేల ఎత్తు పెరిగింది, కాళ్లు చాపుకుని చతికిలబడడమే గాని సర్దుకునే వీలు లేదు. బయట నుంచి చూసేవాళ్లకు ఆ ఏనుగుకు ఆరు కాళ్లు, అందులో రెండింటికి రబ్బరు చెప్పులు.

తన్మయి చెప్పులు పట్టి లాగింది. చెప్పులు వచ్చాయి.

ఇంతలో పది కొట్టింది. విజిలు వినిపించింది. తన్మయి గేటు దగ్గరికి పరుగెత్తేసరికి జానయ్య తాళం వేసి, అన్నం తినడానికి సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆమె వెనక్కి వచ్చి, నాన్నకు ఫోన్ చేస్తానంది, లేదంటే ఫైరు వాళ్లకు చేస్తానంది.

“ఒద్దు బిడ్డా. వాళ్లు కటింగు మిషిను తెస్తరు. దీని కడుపు కోస్తరు.”

“మరి ఎలా అండీ? ఎవరికి చెయ్యమంటారు?”

ఈ బొర్రలోంచి బయటికి రావడం తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె వస్తే అతను బయటపడతాడు, కథ కూడా బయటపడుతుంది. రాకపోతే ఏనుగు ముక్కలవుతుంది. కింద సగం ఎండలో, పైన సగం చీకట్లో, అటూ ఇటూ కాకుండా అతను చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఫోను లైటు ఇంకా వెలుగుతోంది. మొహానికి జానెడు దూరంలో పెంటమ్మ చేతులు. మొహం తిప్పుకుంటే అటు పక్కన కూడా అవే. ఎడమ చెయ్యి కొంచెం కదిలితే ఒక అచ్చులో తన అరచెయ్యి ఆనించాడు. అచ్చు చిన్నది, తన చెయ్యి నాలుగు పక్కలా మిగిలిపోయింది.

పార్కులో ఎవరూ లేరు. ఉడుత ఒకటి వచ్చి అతని బొటనవేలు వాసన చూసి పోయింది. తన్మయి సీసాలోని నీళ్లు అందిద్దామని చూసింది గాని నోరు లోపల ఉంది. పదకొండయ్యాక ఆమె మళ్లీ వంగి, తాతగారూ, బాగానే ఉన్నారా అని అడిగింది.

“బిడ్డా, నా పేరు లేదు,” అన్నాడు గోపయ్య. ఏనుగు కడుపులో మాట గుడిలో మాట్లాడినట్టు మోగింది.

“పోనీలెండి. ముందు మీరు—”

“ఇను. చేతులున్నయి. లోపలంత చేతులే. దూరింది నేను గాదు. నా పెండ్లాం పెంటమ్మ. నెంబరు చెప్త, ఫోన్ జెయ్యి. గిర్నీ కాడ ఉంటది.”

పెంటమ్మ పిండి సంచితోనే వచ్చింది. కనుబొమ్మల మీద కూడా జొన్నపిండి ఉంది. తన్మయి గేటు మీద రాసి ఉన్న నెంబరుకు ఫోన్ చేసి జానయ్యను పిలిపించింది. అతను తాళం తీస్తూ, సార్‌కు తెలిస్తే తన నౌకరి పోతుందని మొత్తుకుంటూనే వచ్చాడు. పెంటమ్మ ఏనుగు ముందు నిలబడి కాసేపు ఆ రెండు కాళ్లనూ చూసింది.

“ఓ మహేషు నాయినా. కోళ్ల గూట్లె కోడి దూరినట్టు దూరినవేంది?”

రెండు కాళ్ల వేళ్లూ ముడుచుకున్నాయి.

ఆమె సంచి పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి, నేల మీద కూర్చుని పొట్ట కిందికి తల పెట్టింది. ఇక కసిరినట్టు గాక, దూడను ఈనేటప్పుడు ఆవుతో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడింది. “కుడిచెయ్యి లేవది, ఎరికే. ఎడమది పైకి వెట్టు. కుడిది బొందికి అంటుకోని కిందికి జార్చు. మొకం తోకదిక్కు తిప్పు. గిప్పుడు గాలంత ఊదు. ఊదినంక పీల్చకు.”

ఊదాడు. కుడి భుజం ముందు దిగింది. పెంటమ్మ నడుము పట్టి తోక వైపుకు కొంచెం తిప్పింది. గోపయ్య మొత్తం గడ్డి మీద పడ్డాడు, మొహం నిండా సాలెగూళ్లతో, చొక్కా మెడకు చుట్టుకుని.

తన్మయి ఆమెను అడిగింది, ఇదంతా ఎలా తెలుసని.

“ఇరువై దినాలు దూరి ఎల్లిన బిడ్డా. మొదటి దినం నేను గూడ గిట్లనే ఇరుక్కున్న. ఈయన బీడీ తాగనీకి వోయిండు. నేనే ఊదుకుంట, తిప్పుకుంట ఎల్లిన.”

గోపయ్య చొక్కా కిందికి లాక్కుంటున్నాడు. అది లాగడానికి అతనికి చాలాసేపు పట్టింది.

అదే రోజు తన్మయి తాను దూరి లోపలంతా ఫోటోలు తీసింది. రెండు వారాలకు నల్లరాతి పలక వచ్చింది. సంఘం వాళ్లు ఒట్టి ఆడమనిషి పేరు రాస్తే ఎవరో తెలియదని, రేషను కార్డులో రాసినట్టు రాయించారు. ‘ఈ ఏనుగును చేసినవారు: పెంటమ్మ, భర్త గోపయ్య’. అట్లా గోపయ్య పేరు రాతికెక్కింది, పెళ్లాం పేరు వెనకాల, ఏ కార్డులోనైనా భర్తల పేర్లుండే చోట.

ఇప్పటికీ ఆ గది అదే, కిటికీ అదే. కాకపోతే సాయంత్రాలు గోపయ్య రొట్టెల బండి దగ్గర కూర్చుంటున్నాడు. పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూ, రొట్టెల కోసం నిలబడ్డవాళ్లకు ఏనుగు కడుపులో చిక్కుకున్న సంగతి చెబుతుంటాడు. రెండున్నర గంటలు ఈ పాటికి మూడు రోజులయ్యాయి. లోపల కొండచిలువ కూడా వచ్చి చేరింది. చేతులు ఎవరివని మాత్రం ప్రతిసారీ ఒకేలా చెబుతాడు.

ఒకరోజు తన్మయి బండి దగ్గరికి వచ్చి ఫోటోలు చూపించింది. పెంటమ్మ చెయ్యి కడుక్కోకుండానే మెడ చాచి చూసింది. తన చేతులను తాను అలా ఎన్నడూ చూడలేదు. పని చేసినప్పుడు లోపల దీపం కూడా లేదు, కాగితం మీది గీతలు కనపడే వెలుతురూ లేదు.

“అప్పుడు చిటికెనేలు సక్కగుండె,” అంది. ఇప్పుడది వంకర తిరిగింది.

తన్మయి ఒక్కో ఫోటో జరుపుతోంది. ఒక దగ్గర పెంటమ్మ ఆపమంది. ఒక అరచేతికి అడ్డంగా తెల్లటి గీత.

“గీ గీత ఏంది? నాది గాదే.”

తన్మయికి తెలియదు. గోపయ్య పొయ్యిలో మండుతున్న కట్టెను బయటికి లాగి, మళ్లీ లోపలికి తోశాడు. చెప్పడానికి అతని దగ్గర కథలు లేక కాదు. ఉడుత గీకిందనొచ్చు, తేలు పాకిందనొచ్చు.

“నేనే గీకిన,” అన్నాడు. “మేకుతోని. నా పేరు రాద్దామని.”

పెంటమ్మ పిండిముద్ద తీసుకుని పీట మీద పెట్టింది. ఒత్తడం మొదలుపెట్టింది. రొట్టె గుండ్రంగా, పలచగా సాగుతూ వచ్చింది. అది పెనం మీద పడ్డాక అడిగింది.

“మరి రాయకపోతివి?”

“జాగ లేకుండె.”

పెంటమ్మ నీళ్లలో చెయ్యి ముంచి రొట్టె మీద తడి రాసింది. అది కాలాక, నిలబడి ఉన్నవాళ్లందరినీ దాటించి, ముందు అతని చేతిలో పెట్టింది.